విరాళమా, ప్రతిఫలమా? – వికీపీడియాకు ఆర్థికసాయం: వెబ్‌సైట్ నిర్వాహకుల ద్వైధీభావం

వ్యాససంగ్రహం:
ప్రకటనలు లేకుండా పాఠకుల విరాళాలతో నడిచే స్వేచ్ఛా విజ్ఞానసర్వస్వం వికీపీడియా. సొంతంగా వెబ్‌సైట్లు నడిపేవారికి దానితో ఉన్న సంబంధం సాధారణ పాఠకుల సంబంధం వంటిది కాదు. వారు దానినుండి లబ్ధి పొందుతారు, దానికి ఆధారాలు సమకూరుస్తారు, శోధనఫలితాలలో దానితో పోటీ పడతారు. ఈ మూడు పాత్రల కలయిక వల్ల విరాళం విషయంలో వారికి కలిగే ద్వైధీభావాన్ని, దాని కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వికీపీడియా, విరాళం, వెబ్‌సైట్, నోఫాలో, ఉమ్మడి వనరు, తెలుగు అంతర్జాలం.

1. ఉపోద్ఘాతం:
వికీపీడియా 2001 జనవరి 15న ఆరంభమైంది. దానిని నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ 2003లో ఏర్పడింది. ప్రకటనలకు చోటివ్వకపోవడం తొలినుంచీ తేలికగా సాగిన విషయం కాదు. ప్రకటనలు రావచ్చన్న అనుమానంతోనే 2002లో స్పానిష్ వికీపీడియా రచయితలు కొందరు విడిపోయి వేరొక సర్వస్వాన్ని స్థాపించుకున్నారు. ప్రకటనలను కాదనుకున్న సంస్థకు విరాళమే ప్రధానాధారం. ఆ విరాళాన్ని కోరేది పాఠకులందరినీ. వారిలో వెబ్‌సైట్ నిర్వాహకులూ ఉన్నారు.

2. కృతజ్ఞతకు కారణాలు:
వికీపీడియాలోని పాఠ్యాన్ని ఎవరైనా మూలాన్ని పేర్కొని, అదే లైసెన్సుతో పునర్వినియోగించుకోవచ్చు. 2009 నుండి ఇందుకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వర్తిస్తున్నది. వికీమీడియా కామన్స్‌లోని చిత్రాలు ఎన్నో చిన్న వెబ్‌సైట్లకు అలంకారమయ్యాయి. వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ సాఫ్ట్‌వేర్ సైతం ఉచితమే. పాదసూచికలోని లంకెను పట్టుకొని మూల వెబ్‌సైటుకు వెళ్లే పాఠకులు తక్కువమందే అయినా, వారు విషయాసక్తితో వచ్చేవారు. ఈ దృష్టితో చూస్తే విరాళం రుణం తీర్చుకోవడమే.

3. అసంతృప్తికి కారణాలు:
శోధనయంత్రాలు ఒక పుటకు ఇతర పుటలనుండి వచ్చే లంకెలను దాని విలువకు సూచికలుగా పరిగణిస్తాయి. అయితే 2007 జనవరి నుండి ఇంగ్లీషు వికీపీడియా తన బయటి లంకెలన్నింటికీ ‘నోఫాలో’ గుర్తును చేర్చింది. ఈ లంకెను సిఫారసుగా లెక్కించవద్దని శోధనయంత్రానికి చెప్పడమే దాని అర్థం. స్వలాభం కోసం లంకెలు చొప్పించేవారిని నిరుత్సాహపరచడానికి చేసిన ఏర్పాటు అది. కాని దాని భారం నిజాయితీగా సమాచారం సమకూర్చినవారిపైనా పడింది. 2019లో గూగుల్ ఈ గుర్తును ఆజ్ఞగా కాక సూచనగా మాత్రమే తీసుకుంటామని ప్రకటించినా, అసంతృప్తి పూర్తిగా తొలగలేదు.

రెండవ కారణం కాపీహక్కు స్వభావంలో ఉంది. చట్టం అభివ్యక్తిని కాపాడుతుంది గాని వాస్తవాన్ని కాదు. ఒక వ్యక్తి ఏళ్ల తరబడి ఊరూరూ తిరిగి శాసనాల వివరాలు సేకరించి తన వెబ్‌సైటులో ఉంచితే, వాటిని వేరే మాటలలో వికీపీడియాలో రాయవచ్చు. పాదసూచిక ఉంటే నియమం నెరవేరినట్లే. తరువాత అదే విషయాన్ని వెదికినవారికి ముందుగా కనిపించేది వికీపీడియా పుట. శ్రమ ఒకరిది, పాఠకులు మరొకరికి. అటువంటప్పుడు విరాళం ఇవ్వడం పోటీదారుకు పెట్టుబడి పెట్టడమే కదా అన్న ప్రశ్న సహజం.

మూడవది నిధులపై సందేహం. 2003–04లో సుమారు 80 వేల డాలర్లున్న ఫౌండేషన్ ఆదాయం 2022–23 నాటికి సుమారు 18 కోట్ల డాలర్లకు చేరింది. ఆ ఏడాది సర్వర్ల నిర్వహణకు అయిన ఖర్చు 31 లక్షల డాలర్లు. జీతభత్యాలకు 10 కోట్లకు పైగా. నెలనెలా హోస్టింగ్ రుసుము సొంత జేబునుండి కట్టే నిర్వాహకుని కంట ఈ అంకెలు ప్రత్యేకంగా పడతాయి. అయితే ఇంజనీర్లు, భద్రత, న్యాయరక్షణ, భాషాసముదాయాలకు గ్రాంట్లు లేకుండా సర్వర్లు మాత్రమే సర్వస్వాన్ని నడపలేవు. అయినా విరాళ ప్రకటనలు వాస్తవానికి మించిన అత్యవసరాన్ని ధ్వనిస్తున్నాయన్న విమర్శ వికీపీడియన్లలోనే ఉంది. 2022 చివర ఇంగ్లీషు వికీపీడియా సముదాయం ఆ పదజాలాన్ని చర్చించి అభ్యంతరం తెలిపింది.

4. దానధర్మం – తిరిగి ఇవ్వడం:
ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మాస్ దానాన్ని మూడు బాధ్యతల చక్రంగా వివరించాడు: ఇవ్వడం, స్వీకరించడం, తిరిగి ఇవ్వడం. వికీపీడియా ఈ మూడవ బాధ్యతను దాతకు వ్యక్తిగతంగా నెరవేర్చలేదు. విరాళానికి బదులుగా లంకెనో వ్యాసాన్నో ఇస్తే తటస్థత పోతుంది. డబ్బు తీసుకొని రాసేవారు ఆ సంగతి వెల్లడించాలని 2014లో నిబంధనలు చేర్చినదీ ఈ తటస్థతను కాపాడడానికే. కనుక నిర్వాహకుని అసంతృప్తికి ఒక భాగం కారణం ఆ సర్వస్వపు లోపం కాదు, దాని గుణమే.

పెద్ద సంస్థల విషయం వేరు. వికీపీడియా సమాచారాన్ని విరివిగా వాడుకునే సంస్థలకు రుసుముతో సేవలందించే వికీమీడియా ఎంటర్‌ప్రైజ్ 2021లో మొదలైంది. 2022లో గూగుల్ దాని తొలి ఖాతాదారులలో ఒకటైంది. ఎక్కువగా వాడుకునేవారు ఎక్కువ చెల్లించాలన్న సూత్రం ఇందులో ఉంది. ఆధారాలు అందించినవారికి ఏమి దక్కాలన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

5. తెలుగు సందర్భం:
తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై లక్ష వ్యాసాల మైలురాయిని దాటింది. తెలుగు వెబ్‌సైట్ల ఆర్థికస్థితి మాత్రం బలహీనం. గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగుకు అందుబాటులోకి వచ్చిందే 2018లో. అంతకు ముందునుంచీ ఈమాట వంటి పత్రికలు, ఆంధ్రభారతి వంటి నిఘంటు వేదికలు పాఠకుల నుండి రుసుము తీసుకోకుండా తెలుగు పరిశోధకులకు ఆధారాలయ్యాయి. ఫౌండేషన్‌కు భారతీయులు ఇచ్చే విరాళం అమెరికా సంస్థకు చేరుతుంది. దానికి ఆదాయపు పన్ను చట్టంలోని 80జి మినహాయింపు వర్తించదు. ఆ సొమ్ము తెలుగుకే ఖర్చవుతుందన్న నియమమూ లేదు.

నిధులకూ సర్వస్వానికీ ఉన్న సంబంధం తెలుగువారికి కొత్త కాదు. కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వం 1923లో ఆయన మరణించేనాటికి అకారం వద్దే నిలిచిపోయింది. తరువాత ఆ బాధ్యతను కాశీనాథుని నాగేశ్వరరావు చేపట్టారు. పోషకబలం లేనిదే సర్వస్వం నిలవదనడానికి ఇది ఉదాహరణ. ఆధారగ్రంథాలు లేనిదే సర్వస్వం పుట్టదన్నదీ అంతే నిజం. 2018 నాటికి ఇంటర్నెట్ ఆర్కైవ్ సహకారంతో వికీపీడియాలో 90 లక్షల తెగిపోయిన లంకెలను పునరుద్ధరించవలసి వచ్చింది. వెబ్‌సైటు మూతపడితే పాదసూచిక శూన్యాన్ని చూపుతుంది.

6. ముగింపు:
• వెబ్‌సైట్ నిర్వాహకుల ద్వైధీభావాన్ని లోభంగా భావించరాదు. లబ్ధిదారు, ఆధారదాత, పోటీదారు అనే మూడు పాత్రల సంఘర్షణ అది.
• విరాళానికి ప్రతిఫలం ఆశించడం తటస్థతకు భంగకరం. శ్రమకు గుర్తింపు కోరడం న్యాయం. ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి.
• ధనమొక్కటే విరాళం కాదు. తమ సమాచారాన్ని స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేయడం, లంకెలు చెడకుండా కాపాడడం కూడా నిర్వాహకులు చేయగల దానమే.
• వికీపీడియాను సంప్రదించే పరిశోధకులు పాదసూచిక దాకా వెళ్లి, మూల వెబ్‌సైటును చదివి, దానినే తమ రచనలలో పేర్కొనాలి. సర్వస్వం ఇవ్వలేని గుర్తింపును విద్యాలోకం ఇవ్వగలదు. తెలుగులో ఆధార వెబ్‌సైట్ల మనుగడ కొంతవరకు దానిపైనే ఆధారపడి ఉంది.