బయటికి రానివాడి చదువు

చదువు ఉద్యోగం కోసమేనన్న మాట మన ఇళ్ళల్లో రోజూ వినబడేదే. కుర్రవాడు బి. ఏ. ప్యాసై ఏడాది తిరిగినా పని దొరకకపోతే, పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరైందని నిట్టూరుస్తాం. మరి, ప్రాణం ఉన్నన్నాళ్ళూ జెయిలు దాటి రావడానికి వీల్లేదని శిక్షపడిన మనిషి నాలుగేళ్ళు కూర్చుని చదివి పట్టా పుచ్చుకుంటే, ఆ పన్నీరు ఎక్కడ పోసినట్టు?

అమెరికాలో లూసియానా రాష్ట్రపు పెద్ద జెయిలు ఉన్న చోటును అంగోలా అంటారు. ఒకప్పుడది బానిసల చేత సేద్యం చేయించిన తోట. ఆ బానిసల పుట్టుచోటని ఆఫ్రికాలోని అంగోలా పేరు దానికి పెట్టారు. తోట పోయి జెయిలు వచ్చినా పేరు పోలేదు. 1901లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. విస్తీర్ణం 18 వేల ఎకరాలు. మూడు వైపులా మిసిసిపీ నది కావలి కాస్తుంది. ఖైదీలు పొలం పని చేస్తారు, గంటకు కొద్ది సెంట్ల కూలికి. ఈ పని అన్యాయమని 2023లో వాళ్ళే కోర్టుకెక్కారు.

మన దేశంలో యావజ్జీవ ఖైదీకి పధ్నాలుగేళ్ళు గడిచాక శిక్ష తగ్గింపు దొరకవచ్చునన్న ఆశ ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. లూసియానాలో సాధారణంగా ఆ ఆశకూ తావులేదు. గవర్నరు కనికరించాలి, లేదా అక్కడే ముసలివాడై పోవాలి. శవాన్ని తీసుకుపోయే బంధువులు లేకపోతే జెయిలు శ్మశానమే గతి.

ఖైదీలు కాలేజీ చదువు చదువుకునేందుకు అమెరికాలో ఒకప్పుడు వీలుండేది. 1972లో ఏర్పడిన పెల్ గ్రాంటు బీద విద్యార్థులతో పాటు వాళ్ళకూ అందేది. 1992లో ఉరిశిక్ష పడ్డవారినీ, విడుదలకు వీల్లేని యావజ్జీవ ఖైదీలనూ అందులోంచి తప్పించారు. 1994లో మిగిలిన ఖైదీలందరికీ కూడా తీసివేశారు. నేరం చేయని బీదవాడి బిడ్డ ఫీజు కట్టలేక తంటాలు పడుతుంటే దొంగకు సర్కారు డబ్బుతో కాలేజీయా అన్నది వాదన. మన వీధి అరుగు మీదా వినబడగల మాటే, తేలికగా కొట్టిపారేయడానికి లేదు. కాని అర్హత ఉన్న ప్రతివాడికీ ఇచ్చే గ్రాంటది. ఖైదీకి ఇచ్చినందువల్ల ఇంకొకడి కంచంలో మెతుకు తగ్గలేదు. మొత్తంలో ఖైదీల వాటా నూటికి ఒకటైనా లేదు.

సర్కారు మూసిన తలుపును మరుసటి ఏడే మతం తెరిచింది. 1995లో అంగోలాకు పై అధికారిగా వచ్చిన బర్ల్ కెయిన్ అనే ఆయన, న్యూ ఆర్లియన్స్‌లోని బాప్టిస్టు మత విద్యాలయం వారిని అడిగి జెయిలులోనే నాలుగేళ్ళ పట్టా చదువు పెట్టించారు. ఖర్చు చర్చీలదీ, దాతలదీ. ఏ మతంవాడైనా చేరవచ్చు, పాఠం మాత్రం బైబిలే.

ఇక పట్టా పుచ్చుకున్నవాళ్ళు ఏం చేస్తారు? తోటి ఖైదీలకు పాదిరీలవుతారు. కొందరిని ఇతర జెయిళ్ళకూ పంపుతారు. వాళ్ళు చేసే పనుల్లో నా మనస్సుకు పట్టినది ఒకటుంది. ఖైదీకి ఇంటి దగ్గర తల్లో బిడ్డో పోయినప్పుడు ఆ కబురు చెప్పవలసింది వీళ్ళే. ఆ మాట వార్డరు నోట వింటే అదొక ప్రభుత్వపు ఉత్తరువులాగానే ఉంటుంది. చెప్పేవాడు తన తల్లి అంత్యక్రియలకు తానూ పోలేని మనిషైతే, వినేవాడు అతని ముందు కంటతడి పెట్టడానికి సిగ్గుపడడు. 1998లో మొదలైన మరో ఏర్పాటు ప్రకారం, చావు దగ్గరపడిన ఖైదీల మంచాల పక్కన తోటి ఖైదీలే కూర్చుంటారు. ఒళ్ళు తుడుస్తారు, నీళ్ళు పడతారు. శవపేటికలూ ఖైదీలు చేసేవే. 2018లో కన్నుమూసిన మతబోధకుడు బిల్లీ గ్రాహం గారిని పెట్టింది ఇక్కడ చేసిన పేటికలోనే.

1970 దశకంలో నెత్తుటి జెయిలని అపకీర్తి మోసిన అంగోలా నెమ్మదించిందని, అది ఈ బోధ మహిమేనని మెచ్చుకునేవారున్నారు. న్యాయస్థానం జోక్యం వల్ల మార్పు అంతకుముందే మొదలైందని మరికొందరు అంటారు. రెండింటిలోనూ నిజముందేమో.

నన్ను పీడించే ప్రశ్న వేరు. చదువుకోవాలని ఉండి, దేవుడి మీద నమ్మకం లేని ఖైదీ మాటేమిటి? సత్రంలో భజన చేసినవాడికే భోజనమంటే, ఆకలిగొన్నవాడు తాళం వేయక ఏం చేస్తాడు? వాడి పాట భక్తో ఆకలో ఎవరు తేల్చగలరు! అయోవా రాష్ట్రంలో ఇలాంటి తగవే వచ్చింది. అక్కడి జెయిలులో క్రైస్తవ బోధలో చేరినవారికి మంచి గదులిచ్చారు. తలుపు తాళంచెవి కూడా ఖైదీ చేతికే ఇచ్చారు. పైగా ప్రభుత్వం డబ్బు. 2006లో న్యాయమూర్తి అది రాజ్యాంగ విరుద్ధమన్నారు, 2007లో పై కోర్టూ ఔనంది.

జెయిలులో మతబోధ మనకు కొత్త కాదు. 1932లో ధూళే జెయిలులో వినోబా భావే గారు ఆదివారం ఆదివారం భగవద్గీత చెబుతుంటే సానే గురూజీ వ్రాసుకున్నారు. అదే తరువాత పుస్తకమైంది, తెలుగులోకీ వచ్చింది. అయితే ఆ శ్రోతలకు పట్టా లేదు, గది మారలేదు. రానివాడికి పోయిందీ లేదు.

మన చర్లపల్లి, చంచల్‌గూడ ఖైదీలు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పరీక్షలు వ్రాసి పట్టాలు పొందుతున్నారు. నీ దేవుడెవరని ఆ విశ్వవిద్యాలయం అడగదు. కాకపోతే దూరవిద్య గనుక గురువు చాలావరకు పుస్తకమే. ఎదుట నిలబడి, ముఖం చూసి, అర్థంకాలేదని గ్రహించి మళ్ళీ చెప్పే మాస్టారి లోటు పుస్తకం తీర్చలేదని ముప్పూటలా పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక అంటున్నాను. న్యూయార్కు రాష్ట్రంలో బార్డ్ కళాశాల వారు 2001 నుంచి ఆచార్యులనే జెయిలులోకి పంపుతున్నారు. చరిత్ర, గణితం, సాహిత్యం చెబుతారు. 2015లో ఆ ఖైదీ విద్యార్థులు వాదపోటీలో హార్వర్డు విద్యార్థులను ఓడించారు.

పెల్ గ్రాంటును అమెరికా ప్రభుత్వం 2023 జులై 1 నుంచి ఖైదీలకు మళ్ళీ ఇస్తోంది. ఈసారి చట్టంలో శిక్ష ఎన్నేళ్ళన్న పట్టింపు లేదు. ఎన్నడూ విడుదల కానివాడు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.