మరక పోయింది, వాసన పోలేదు

పదమూడేళ్ళ క్రితం ఒక వానాకాలంలో మా పిల్లలు వీధిలో తడుస్తున్న కుక్కపిల్లను చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చారు. దానికి బుజ్జి అని పేరు పెట్టాము. పిల్లలు పెద్దవారై చదువుల కోసం ఊళ్ళు దాటి వెళ్ళారు. బుజ్జి మాత్రం మా దగ్గరే ఉండి ముసలిదైపోయింది.

పోయిన వర్షాకాలంలో ఒక ఉదయం ముందుగది తలుపు తీయగానే ఘాటైన వాసన కొట్టింది. మా పెళ్ళికి పెద్దలు ఇచ్చిన ఏలూరు ఉన్ని తివాచీ మీద అరచేతంత పసుపు మరక! మేము మొదట బుజ్జి మీద అరిచాము. ఆ తర్వాత మరుగునీళ్ళు, సబ్బు, బ్రష్షు తెచ్చి గట్టిగా రుద్ది, పైన ఫినాయిలు చల్లాము. మరక కనిపించకుండా పోయింది. కానీ నాలుగు రోజులకే బుజ్జి మళ్ళీ అదే చోట తడిపింది. వారం తర్వాత మరోసారి.

వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకున్నారు. “ముసలి కుక్క కదా, ఎక్కడైనా వదిలేసి రండి” అన్నారు ఒకరు. ఆ ఆలోచన అంతకుముందే మా మనసులోనూ మెదిలిందని ఒప్పుకోవాలి. ఆ రాత్రే మా అబ్బాయి ఫోన్ చేసి, “నాన్నా, బుజ్జి బాగుందా?” అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

మర్నాడు బుజ్జిని పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్ళాము. ఆయన మూత్రపరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ ఉందని చెప్పి మందులు రాశారు. తర్వాత, “తివాచీని దేనితో కడిగారు?” అని అడిగారు. మా జవాబు విని నవ్వారు. ఆయన చెప్పినవీ, ఆ తర్వాత మేము చదివి, చేసి తెలుసుకున్నవీ మీకూ ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాము.

అది పగబట్టి చేస్తుందా?

కుక్కలూ పిల్లులూ మన మీద కోపంతో ఇలా చేస్తాయని చాలామంది అనుకుంటారు. “తప్పు చేసినట్టు దాని మొహమే చెబుతోంది” అంటారు. న్యూయార్కులోని బార్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 14 కుక్కలను పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. తప్పు చేసిన కుక్కకంటే యజమాని తిట్టిన కుక్కే ఆ మొహం ఎక్కువగా పెట్టిందని అందులో తేలింది. అంటే మనం చూసేది పశ్చాత్తాపం కాదు, మన గొంతు విని కలిగిన బెదురు.

మరి అదే చోటికి ఎందుకు వెళుతుంది? వాసనను బట్టి. మన ముక్కుకు అందని వాసన కూడా దానికి తెలుస్తుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ఆ ఘాటు దానిదే. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే గంధకం ఉన్న పదార్థం కూడా ఉంటుంది. అది విడిపోయేకొద్దీ వాసన ఇంకా పెరుగుతుంది. మూత్రం ఎండిపోయినా దాని లవణాలు పోగుల మధ్య మిగిలిపోతాయి. అందుకే ఎండాకాలంలో లేని వాసన ముసురు పట్టగానే మళ్ళీ లేస్తుంది.

వెంటనే చేయవలసినది

తడి ఆరకముందే పాత పంచెనో, నూలు తువ్వాలునో నాలుగు మడతలు వేసి మరక మీద పెట్టి, కాలితో గట్టిగా అదమండి. గుడ్డ తడిసిన కొద్దీ మారుస్తూ ఉండండి. రుద్దితే తడి అడుగుకు దిగుతుంది, ఉన్ని పోగులు కూడా చిట్లిపోతాయి. మలం, వాంతి అయితే ముందు గట్టి అట్టముక్కతో ఎత్తివేయాలి. ఆ తర్వాత అంచు నుండి మధ్యకు తుడవాలి. మధ్య నుండి మొదలుపెడితే మరక విస్తరిస్తుంది.

పిమ్మట చన్నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి మళ్ళీ అద్దండి. వేడినీళ్ళు వాడకండి. వేడికి వాంతి, రక్తం వంటి మరకలు పోగుల్లో గట్టిపడిపోతాయి.

ఏవి వాడాలి? ఏవి వాడకూడదు?

తెల్ల వెనిగరు ఒక వంతు, చన్నీళ్ళు రెండు వంతులు కలిపి అద్దితే అమ్మోనియా ఘాటు విరుగుతుంది. నూలు, నైలాను వస్త్రాలు ఆరాక వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి దులిపితే మిగిలిన వాసనను చాలావరకు లాగుతుంది. ఏది వాడినా ముందు కనబడని మూలలో కొద్దిగా పరీక్షించండి. తడిపిన తెల్లగుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆపండి.

వాసనను మూలంతో సహా తీయడానికి ఎంజైములున్న ద్రావణాలు మంచివి. పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. అయితే ఒక జాగ్రత్త! ఉన్ని, పట్టు కూడా ప్రోటీన్లే. ప్రోటీన్లను కరిగించే ఎంజైము వాటినీ దెబ్బతీస్తుంది. కాబట్టి ఉన్నికి పనికివస్తుందని సీసా మీద ఉంటేనే కొనండి. ఆ ద్రావణం మరక ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు తడవాలి, చెప్పినంతసేపు తడిగా ఉండాలి. పైపైన చల్లితే ఫలితం ఉండదు.

ఫినాయిలు వాసన మన ముక్కును మభ్యపెడుతుందే గాని కుక్క ముక్కును కాదు. పైగా ఫినాయిల్లో ఉండే ఫీనాలు వంటి పదార్థాలను పిల్లుల కాలేయం సరిగా విరిచివేయలేదు, అవి వాటికి విషం. బ్లీచింగ్ పౌడరు ఉన్నిని తినేస్తుంది. మూత్రంలోని అమ్మోనియాతో గాని, వెనిగరుతో గాని కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులు వెలువడతాయి. అమ్మోనియా ఉన్న ద్రావణాలు మూత్రం వాసననే గుర్తుచేస్తాయి గనుక అవీ వద్దు.

జంపఖానాలు, సోఫాలు

2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల వంటి నూలువి ఉంటే పని తేలిక. రంగు పోదని తేలాక చన్నీళ్ళలో జాడించి ఆరవేయవచ్చు. సోఫా అయితే గుడ్డ కంటే లోపలి స్పాంజితోనే అసలు చిక్కు. తొడుగు విప్పి విడిగా ఉతకండి. స్పాంజిని నీళ్ళలో నొక్కి నొక్కి కడిగి, పూర్తిగా ఆరాకనే తిరిగి తొడగండి. తడి మిగిలితే బూజు పడుతుంది.

మరక కంటే ముందు

ఇంట్లో ఎన్నడూ తడపని జంతువు ఉన్నట్టుండి తడుపుతుంటే గుడ్డ కోసం వెతకడంతో పాటు వైద్యుని కోసమూ బయలుదేరండి. ఇన్ఫెక్షన్, చక్కెరవ్యాధి, మూత్రపిండాల జబ్బు, ముసలితనం, భయం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ముఖ్యంగా మగపిల్లి ముక్కుతున్నా మూత్రం రాకపోతే ఒక్కరోజు కూడా ఆగకూడదు, దాని ప్రాణానికే ముప్పు.

మేము తివాచీలోని ఫినాయిలును చన్నీళ్ళతో తీసి, వెనిగరు నీళ్ళు అద్ది, అది పోయేదాకా మళ్ళీ కడిగి, ఉన్నికి తగిన ద్రావణం రెండుసార్లు వాడాము. బోర్లా తిప్పి, నీడలో గాలికి మూడు రోజులు ఆరబెట్టాము. మందులు పూర్తయ్యేసరికి బుజ్జి మళ్ళీ తలుపు దగ్గరకు వచ్చి గోకడం మొదలుపెట్టింది. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి మాలో ఒకరం లేచి దాన్ని బయటికి తిప్పుతున్నాము.

మేము బ్రష్షుతో రుద్దినచోట తివాచీ కొంచెం వెలిసిపోయింది. ఆ మచ్చ బుజ్జి చేసినది కాదు, మేము చేసినది. సెలవులకు వచ్చిన మా అబ్బాయి సరిగ్గా అక్కడే కూర్చుని బుజ్జి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. అతనికి ఏ వాసనా రాలేదట.