విమానదూరము, రోడ్డుదూరము

హైదరాబాదునుండి విశాఖపట్నమునకు ఎంత దూరమని అడిగినచో ఒకరు సుమారు 500 కిలోమీటర్లనియు, మరొకరు 625 కిలోమీటర్లనియు చెప్పుదురు. ఇందులో ఏదో ఒకటి తప్పని విద్యార్థి తలచును. నిజమునకు రెండును ఒప్పే. మొదటిది తిన్నగా కొలిచిన ఆకాశదూరము. రెండవది విజయవాడ మీదుగా పోవు రోడ్డుదూరము.

మొదటి సంఖ్యను తరగతిలోనే గణించి చూడవచ్చును. హైదరాబాదు 17.39 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను, 78.49 డిగ్రీల తూర్పు రేఖాంశమునను ఉన్నది. విశాఖపట్నమునకు ఈ విలువలు 17.69, 83.22. అనగా అక్షాంశములలో భేదము 0.30 డిగ్రీ, రేఖాంశములలో 4.73 డిగ్రీలు. ఉత్తర దక్షిణములుగా ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. కాని ధ్రువములవైపు పోయినకొలది రేఖాంశములు ఒకదానికొకటి దగ్గరగును. కనుక తూర్పు పడమరలుగా డిగ్రీ విలువ తెలియుటకు 111ని అక్షాంశపు కొసైనుతో గుణింపవలెను. 17.5 డిగ్రీల కొసైను 0.954, గుణించిన 106 కిలోమీటర్లు వచ్చును. ఈ లెక్కన విశాఖపట్నము తూర్పునకు 501, ఉత్తరమునకు 33 కిలోమీటర్లు. ఈ రెండును భుజములైన లంబకోణ త్రిభుజపు కర్ణము 502 కిలోమీటర్లు. భూమి గుండ్రనిదైనను, ఇంత కొద్ది దూరములో ఈ లెక్కకు వచ్చు దోషము స్వల్పము.

విమానము ఎత్తున ఎగురును గదా, దూరము పెరుగదా అని కొందరు అడుగవచ్చును. భూమి వ్యాసార్ధము 6,371 కిలోమీటర్లు. 9 కిలోమీటర్ల ఎత్తున ఎగిరినను పెరుగునది సుమారు 0.7 కిలోమీటరు మాత్రమే. అయితే విమానము గాలికెదురుగా పైకి లేచి, పిదప మలుపు తిరిగి, నిర్ణయింపబడిన వాయుమార్గమున పోవును. అందుచే అది నిజముగా పయనించు దూరము 502 కంటె కొంత ఎక్కువగనే యుండును.

మరి రోడ్డునకు 123 కిలోమీటర్లు ఎందుకు హెచ్చినవి? పటముపై రెండు నగరములను కలుపుచు గీత గీయుడు. అది పాపికొండల దాపున తూర్పు కనుమలను, గోదావరిని దాటును. రోడ్డు ఆ కొండలను తప్పించుకొని, ఆగ్నేయముగా విజయవాడకు దిగి, అచ్చటనుండి తీరపు మైదానము వెంట ఈశాన్యమునకు తిరిగి, రాజమహేంద్రవరము వద్ద గోదావరిని దాటును. హైదరాబాదు, విజయవాడల మధ్య సరళదూరము 250. విజయవాడ, విశాఖపట్నముల మధ్య 303. మొత్తము 553 కిలోమీటర్లు. అనగా చుట్టుతిరుగుట వలననే 51 కిలోమీటర్లు పెరిగినవి. మిగిలిన 72 రోడ్డు వంపుల వలన కలిగినవి.

ఏ పనికి ఏ దూరమో తెలియుట ముఖ్యము. తుపాను తీరమునకు ఇన్ని కిలోమీటర్లలో నున్నదని ప్రకటించునది సరళదూరము. తుపాను రోడ్డు వెంట రాదు. కాని సహాయసామగ్రి రోడ్డు వెంటనే రావలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖపట్నపు విమానాశ్రయము దెబ్బతిని, కొన్ని దినములు విమానములు నిలిచిపోయెను. అట్టి సమయమున ఔషధములు పంపువారు 502 కిలోమీటర్లని లెక్కించినచో, గంటకు 50 కిలోమీటర్ల వేగమున పది గంటలలో చేరునని తలతురు. నిజముగా పట్టునది పన్నెండున్నర గంటలు.

రోడ్డుదూరమును సరళదూరముచే భాగించినచో ఇచ్చట దాదాపు ఒకటింబావు వచ్చినది. ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ ఊరినుండి జిల్లా ఆసుపత్రికి గల దూరములను పటముపై స్కేలుతోను, దారముతోను కొలిపించి, ఈ నిష్పత్తిని కనుగొనజేయవచ్చును. నిష్పత్తి ఎక్కువగా వచ్చినచోట అడ్డముగా నున్నది ఏరో, కొండయో, చెరువో వారే చెప్పగలరు.