తొలకరికి ముందే పెరడు సిద్ధం చేసుకోండి

“పిల్లవాడికి రక్తం పట్టడం లేదు, మంచి టానిక్కు రాయండి” అని అడిగే తల్లులు చాలామంది. అవసరమైతే డాక్టరు రాయక మానడు. కాని సీసా ఖాళీ అయ్యాక ఏమిటి? ఆకుకూర ముఖం చూడని వంటింటిని ఆ సీసా ఎన్నాళ్ళు కాపాడుతుంది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మంది, అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి 67 మంది రక్తహీనతతో ఉన్నారు. 2020లో భారత వైద్య పరిశోధన మండలి వేసిన లెక్క ప్రకారం పురుషుడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు. స్త్రీకి 29 కావాలి. మన ఇళ్ళలో మాత్రం కూర మొదట ఎవరి కంచంలో పడుతుందో, చివరికి గిన్నె ఊడ్చుకునేది ఎవరో మీకు తెలియనిది కాదు.

పెరటి మొక్కలే రక్తహీనతను నయం చేస్తాయని అనడం లేదు. ఆయాసం, నీరసం, ముఖం పాలిపోవడం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడాల్సిందే. అయితే ఏడాది పొడుగునా ఇంట్లో ఆకుకూర ఉండేలా చూసుకోవడం మీ చేతిలో పని. అందుకు అదను రోహిణీకార్తె. మృగశిర చినుకులు పడ్డాక హడావిడి పడితే లాభం లేదు.

ముందుగా కుండీలు

వేసవిలో ఎండిపోయిన కుండీలు, పగిలిన బకెట్లు, పాత టైర్లు, కుండీల కింది పళ్ళాలు అన్నీ ఒకచోట చేర్చండి. పనికిరానివి పారేయండి. ఉంచుకునేవాటి లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడగండి. డెంగ్యూను మోసే దోమ గుడ్లు ఆ గోడలకు అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. తొలివానకు నీళ్ళు తగిలితే చాలు, పొదిగి వారం, పదిరోజుల్లో దోమలవుతాయి. ఈ దోమ పగలే కుడుతుంది. కాబట్టి వానాకాలమంతా వారానికొకసారి పళ్ళాలు బోర్లించి ఆరబెట్టండి.

నేల తవ్వేటప్పుడు

ఉదయం ఏడులోపు, సాయంత్రం ఐదు దాటాక పని చేయండి. కాళ్ళకు చెప్పులు మరవకండి. ఇటుకల గుట్ట, కట్టెల మోపు చేత్తో తీయకండి. తేళ్ళు చల్లదనానికి చేరేది అక్కడే. మేకో, గాజుపెంకో గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను సంగతి డాక్టరును అడగండి. పచ్చి పేడ వేయకండి, బాగా చివికిన ఎరువే వేయండి.

ఏమేమి వేయాలి?

చినుకు పడగానే తోటకూర, గోంగూర, మెంతి చల్లండి. తోటకూర నెలరోజుల్లో చేతికొస్తుంది. ఒకేసారి చల్లకుండా పదిహేను రోజులకొక మడి వేస్తే కోత ఆగదు. బచ్చలికి తీగముక్క చాలు. బీర, కాకర, సొర గింజలు పందిరి పక్కన పెట్టండి. జాగా ఉంటే మునగకొమ్మ ఒకటి నాటండి. వానాకాలంలో దానికి గొంగళిపురుగు పడుతుంది, పిల్లల్ని కిందికి పోనివ్వకండి. మేడమీద ఉండేవారికి రెండు వెడల్పాటి తొట్లున్నా కూరకు కరువుండదు.

పురుగు కనబడితే మందు డబ్బా కోసం పరుగెత్తకండి. 50 గ్రాముల వేపగింజలు దంచి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి.

వండేటప్పుడు

కూరలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం వెంటనే కాఫీ, టీ తాగితే అడ్డుపడుతుంది, గంటసేపు ఆగండి. ఆకుకూరలోని విటమిన్ ‘ఏ’ ఒంటబట్టాలంటే తాలింపులో నూనె ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు మాత్రం ఆకుకూర ఎంత తినాలో డాక్టరును అడగాలి.

వచ్చే ఏటికి

ప్రతి మడిలోనూ ఏపుగా పెరిగిన రెండు మొక్కలు కోయకుండా వదిలేయండి. గింజ ముదిరాక నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, పొడి సీసాలో పోసి పేరు, నెల రాసిన చీటీ అంటించండి. పడమటి వైపు ఎండ పడే గోడ ఏదో ఇప్పుడే గుర్తుపెట్టుకుని, వచ్చే మాఘమాసంలో అక్కడ బచ్చలి పందిరి వేయండి. ఇంటికి చల్లదనం, వంటకు కూర.

ఇక మిగిలింది ఒక్కటే. కూర వండిన రోజున ఇంటి ఇల్లాలు తన వాటా ముందే తీసి పెట్టుకోవాలి.