వేల ఫోటోలను ఏరిపెట్టే లైట్‌రూమ్

1987 ఆగస్టులో జాన్ నోల్ సెలవులు గడపడానికి బోరా బోరా దీవికి వెళ్లారు. ఒడ్డున ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూస్తున్న స్నేహితురాలిని వెనక నుంచి ఒక ఫోటో తీశారు. ఆయన హాలీవుడ్ సినిమాల స్పెషల్ ఎఫెక్ట్స్ సంస్థ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌ ఉద్యోగి. అన్న థామస్‌తో కలిసి తయారు చేస్తున్న సాఫ్ట్‌వేర్ పనితనాన్ని చూపడానికి ఆ ఫోటోనే స్కాన్ చేసి వాడారు. ఆ సాఫ్ట్‌వేర్‌నే అడోబ్ 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్‌ పేరుతో విడుదల చేసింది.

ఒక్క ఫోటోను తెరిచి, కావలసినట్టు మలచడంలో ఫోటోషాప్‌ది అందె వేసిన చేయి. అయితే 36 ఫోటోల ఫిల్మ్ రోలు పోయి మెమరీ కార్డు వచ్చాక కష్టం వేరే చోట మొదలైంది. ఒక యాత్ర ముగిసేసరికి వేల ఫోటోలు పోగుపడుతున్నాయి. ముందు వాటిని ఏరాలి. మలచడం ఆ తర్వాతి మాట.

ఫోటోషాప్‌ కోసం ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజినీరు మార్క్ హాంబర్గ్ ఈ అవసరాన్ని పట్టుకున్నారు. ఆయన మొదలుపెట్టిన ప్రాజెక్టుకు లోపల పెట్టుకున్న పేరు షాడోలాండ్. ఈలోగా 2005 అక్టోబరులో యాపిల్ ఇదే పని చేసే సాఫ్ట్‌వేర్ అపర్చర్‌ను ప్రకటించింది. అడోబ్ ఆలస్యం చేయకుండా 2006 జనవరిలో మ్యాక్ కంప్యూటర్లకు తన సాఫ్ట్‌వేర్ బీటాను, అంటే పరీక్షా వెర్షన్‌ను, ఉచితంగా ఇచ్చింది. ఫోటోగ్రాఫర్లు ఏడాదికి పైగా వాడి చూసి, లోపాలు చెప్పారు. ఆ ప్రాజెక్టే 2007 ఫిబ్రవరిలో లైట్‌రూమ్ 1.0గా వచ్చింది. అపర్చర్ అభివృద్ధిని 2014లో యాపిల్ ఆపేసింది.

లైట్‌రూమ్ అసలు బలం అది ఫోటోను ముట్టుకోకపోవడంలోనే ఉంది. వెలుతురు కొంచెం పెంచండి, అంచు కత్తిరించండి, నీలిఛాయ తగ్గించండి: ఒరిజినల్ ఫైలు చెక్కుచెదరదు. ఏం చేయాలన్న సూచనలు మాత్రం క్యాటలాగ్ అనే డేటాబేస్‌లో చేరతాయి. డార్క్‌రూమ్ రోజుల్లో నెగటివ్ భద్రంగా ఉండగా ఎన్ని రకాల ప్రింట్లయినా వేసుకున్నట్టే ఇదీ. సూచనలంటే అంకెలే కాబట్టి, ఒక సాయంత్రం బీచ్‌లో తీసిన ఒక ఫోటోను సరిచేసి, అవే సూచనలను మిగతా 200 ఫోటోలకూ ఒకేసారి అంటించవచ్చు. లోపల రంగులు తేల్చే ఇంజిను మాత్రం థామస్ నోల్ తయారు చేసిన కెమెరా రా అనే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిందే.

ఏరడం మరీ తేలిక. ఫోటో నచ్చితే పీ నొక్కాలి, వద్దనుకుంటే ఎక్స్. క్యాప్స్ లాక్ వేసి ఉంచితే నొక్కగానే తర్వాతి ఫోటో దానంతటదే వస్తుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక చిక్కు ఎదురవుతుంది. కెమెరా గడియారం ఇండియా టైమ్‌లోనే ఉంటుంది, ఫోన్ అక్కడి టైమ్‌కు మారిపోతుంది. వేసవిలో నయాగరా దగ్గర ఉదయం 10 గంటలకు తీసిన ఫోటోపై కెమెరా రాత్రి 7:30 అని రాస్తుంది. రెండింటి ఫోటోలనూ కలిపితే వరుస తప్పుతుంది. లైట్‌రూమ్‌లో కెమెరా ఫోటోలన్నీ ఎంచుకుని తొమ్మిదిన్నర గంటలు వెనక్కి జరిపితే అన్నీ సర్దుకుంటాయి. ఎంతో మందికి తెలియని ఈ సదుపాయం ఒక్కటి చాలు, ఈ సాఫ్ట్‌వేర్ విలువ తెలియడానికి.

హైదరాబాద్‌లో పుట్టిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో అడోబ్ సీఈఓ అయ్యారు. ఒకసారి కొనుక్కునే పద్ధతి పోయి చందా పద్ధతి వచ్చింది ఆయన హయాంలోనే. విడిగా కొనుక్కోగలిగిన చివరి లైట్‌రూమ్ 2015 నాటి ఆరో వెర్షన్. చందా భారమనిపించిన వాళ్లకు డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అదీ ఒరిజినల్‌ను మార్చదు, పైగా పూర్తిగా ఉచితం.

ఏది వాడినా ఒక సంగతి మరవకండి. క్యాటలాగ్‌లో ఫోటోలు ఉండవు, వాటి చిరునామాలూ సూచనలూ మాత్రమే ఉంటాయి. కాబట్టి క్యాటలాగ్‌ను బ్యాకప్ చేసినంత మాత్రాన ఫోటోలు భద్రమైనట్టు కాదు. ఒరిజినల్ ఫైళ్లను వేరే హార్డ్ డిస్క్‌లోకి విడిగా కాపీ చేసుకోండి. ఆ తర్వాతే మెమరీ కార్డు ఖాళీ చేయండి.