మోటుపల్లి రేవులో అభయమిచ్చిన రాయి

చీరాల వెళ్లిన యాత్రికులు వాడరేవులో సముద్ర స్నానం చేసి సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. మేమూ చాలా ఏళ్లు అలాగే చేశాము. తీరం వెంట కాస్త దక్షిణంగా, ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో, మోటుపల్లి అనే చిన్న గ్రామం ఉంది. చినగంజాం ఉప్పు మడులు చూడముచ్చటగా ఉంటాయి. కాని అసలు చూడవలసింది మోటుపల్లి వీరభద్రాలయంలోని శాసన స్తంభం.

ఓడ పగిలి సరకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది రాజుదే అన్నది పూర్వపు రివాజు. ప్రాణాలతో బయటపడ్డ పరదేశి వర్తకుడు కట్టుబట్టలతో నిలబడేవాడు. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఈ రివాజును రద్దు చేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవారి సొత్తు వారిదేననీ, సుంకం మాత్రం ముప్పైలో ఒక వంతు చెల్లిస్తే చాలుననీ రాతిపై చెక్కించాడు. సరకుల జాబితాలో గంధం, కర్పూరం, దంతం, ముత్యాలతోపాటు పన్నీరు కూడా ఉంది. పన్నీరంటే మన ఇళ్లలోని అర్ఖె గులాబే! ఆ మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము.

1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు అభయ శాసనం వేయించాడు. ఈ సీమ సన్నని బట్టలను మార్కోపోలో సాలెగూడుతో పోల్చాడు. చీరాలలో మగ్గాలు నేటికీ ఆడుతున్నాయి.

ఓడలు ఆగే రేవు ఇప్పుడు లేదు. స్తంభం ఉన్నది ఆలయంలో గనుక వేళ కనుక్కొని, పూజారిగారిని అడిగి చూడండి.