మంచుకనుమలలో మోటారుసైకిలు



మోటారుసైకిలుపై హిమాలయములు దాటి లడఖు పోయివచ్చితిమని తెలిసిన నాటినుండి, మమ్ము చూచిన ప్రతి యిల్లాలును ఒకే ప్రశ్న అడుగుచున్నది: “భయము వేయలేదా?” వేసెను. ఎక్కడ వేసినదో, ఎవరి తప్పువలన వేసినదో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. “మేము” అని వ్రాయుటచేత బండిపై నిద్దఱు ముగ్గురుండిరని తలంపవలదు. అది వ్రాతలో మాకు అలవాటైన మర్యాద మాత్రమే. బండియు నొకటే, మనిషియు నొక్కతెయే.

మనాలినుండి లేహ్ పట్టణమునకు పోవు బాటపై ఒంటరిగా ప్రయాణము చేయవలెనని మాకు చిరకాలముగా కోరిక యుండెను. 2022వ సంవత్సరము జూను నెలలో అది నెఱవేఱినది. మావారు అభ్యంతరము చెప్పలేదు. మామగారు నవ్వి యూరకుండిరి. మా యత్తగారు మాత్రము రెండు షరతులు పెట్టిరి. ఆమె కోనసీమలో నొక లంకగ్రామమున పుట్టి పెరిగినవారు. ప్రతి రాత్రియు ఫోను చేయవలెను. ఫోను అందని రాత్రి ఏదైన నున్నచో ముందుగానే చెప్పవలెను. ఇది మొదటిది. పొద్దు వాలిన తరువాత ఏటిలో దిగరాదు. ఇది రెండవది.

“అక్కడున్నవి గోదావరులు కావు అత్తయ్యగారూ, కొండవాగులు. చీలమండ లోతుంటే గొప్ప” అని మేము నవ్వితిమి.

“ఏరైనా వాగైనా నీళ్ళు నీళ్ళేనమ్మా” అని ఆమె బియ్యము చెఱుగుకొనుచు పోయిరి.

బండిని రైలులో చండీగఢు వఱకు పంపి, అక్కడినుండి దానిపైననే మనాలి చేరితిమి. మనాలినుండి లేహ్ సుమారు 430 కిలోమీటర్లు. మన మైదానములలో నిది యొక పగటి ప్రయాణము. ఆ కొండలలో దీనికి నాలుగైదు దినములు పెట్టుకొనుట మంచిది. ఈ బాట యేడాదిలో కొన్ని నెలలు మాత్రమే తెఱచియుండును. తక్కిన కాలమంతయు మంచుక్రింద పడియుండును. సరిహద్దు రహదారులకై 1960లో నేర్పడిన ప్రభుత్వ సంస్థవారు ప్రతి వసంతమునను మంచును త్రవ్వి దీనిని మరల వెలికితీయుదురు. బాటపొడుగునను రాళ్ళు కొట్టుచు, తారు పోయుచు కనబడు కూలీలలో పెక్కుమంది ఝార్ఖండు ప్రాంతమునుండి వచ్చినవారు. మనవలెనే ఎండదేశపు బిడ్డలు. వారి సంగతి మరల వచ్చును.

మనాలి దాటగానే పూర్వము 3,978 మీటర్ల రోహతంగు కనుమ నెక్కవలసియుండెడిది. 2020 అక్టోబరు 3వ తేదీన అటల్ సొరంగము తెఱచిన పిమ్మట ఆ శ్రమ తప్పినది. ఈ సొరంగము పొడవు 9 కిలోమీటర్ల పైచిల్లర. మేము దానిలో ప్రవేశించునప్పుడు జోరుగ వాన. చేతితొడుగులలోనికి నీరు దిగినది. ఆవల సిస్సువైపు బయటపడునప్పటికి నీలాకాశము, కన్నులు చెదరు నెండ! పీర్‌పంజాల్ పర్వతశ్రేణి మబ్బుల నడ్డగించి ఈవలనే కురిపించుటచేత ఆవలిదేశము పొడిగా నుండును. అట్లని పొడిదేశమును నమ్మరాదు. లేహ్‌లో ఏడాదికి పడు వాన మన యూళ్ళలో నొక్క ముసురునకు చాలదు. ఐనను 2010 ఆగస్టు మొదటి వారములో నొక రాత్రి అచ్చట కుంభవృష్టి కురిసి, కొండమట్టి యిండ్లపై బడి, రెండువందలకు పైగా జనులు ప్రాణములు కోల్పోయిరి.

చంద్రానదియు భాగానదియు కలిసి చంద్రభాగ యగు చోట తాండి యను గ్రామము కలదు. తరువాతి పెట్రోలు బంకు 365 కిలోమీటర్ల దూరమున నున్నదని హెచ్చరించు పలక చాలకాలమునుండి ప్రసిద్ధమైనది ఈ యూరనే. అక్కడ డబ్బాలు నింపుకొని, ఆ రాత్రి కేలాంగులోను, మఱునాటి రాత్రి జిస్పాలోను బస చేసితిమి. రెంటికి నడుమ దూరము చాల స్వల్పము. తొందర లేక యట్లు చేసితిమి కాదు, తొందరపడరాదని చేసితిమి. మూడువేల మీటర్లు దాటిన పిమ్మట, నేటిరాత్రి నిద్రించు చోటు నిన్నటిరాత్రి నిద్రించిన చోటికన్న ఐదువందల మీటర్లకంటె నెక్కువ ఎత్తుగా నుండరాదని వైద్యులు చెప్పుదురు. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనగును. తలనొప్పి, వాంతి, నిద్రలేమి వచ్చును. అశ్రద్ధ చేసినచో నూపిరితిత్తులలో నీరుచేరి ప్రాణమునకే ముప్పు.

ఇక్కడ స్త్రీలకు మాత్రమే తెలిసిన యొక మాట చెప్పవలెను. ఆ బయళ్ళలో చెట్టు లేదు, పొద లేదు, చాటు లేదు. కాలకృత్యములకు వెఱచి మన యాడువారు నీరు త్రాగుట మానుకొందురు. మేమును మొదటి దినమట్లే చేసి, సాయంకాలమునకు తల బద్దలగునట్లు నొప్పి తెచ్చుకొంటిమి. ఆ యెత్తులలో నీరు త్రాగకుండుట మిక్కిలి యపాయకరము. పొడవైన వదులు కోటొకటి వెంటనుంచుకొని, రాతిచాటు కనబడిన చోటనెల్ల ఆగుటయే మాకు దొరకిన యుపాయము. పురుషులు వ్రాసిన ప్రయాణగ్రంథములలో నిది యెక్కడను కానరాదు.

మనిషివలెనే బండియు నాయాసపడును. మాది పాతకాలపు 350 సి.సి. బుల్లెట్టు, కార్బురేటరు గలది. పొయ్యికి గాలి చాలనప్పుడు మంట పచ్చబడి గిన్నెలకు మసి పట్టుట మన మెఱుగుదుము. ఇదియు నంతే. పెట్రోలు సరిపడ వచ్చును, గాలి రాదు. నల్లని పొగ వెడలును, బలము తగ్గును. క్రొత్తబండ్లలో నీ లెక్కను యంత్రమే సవరించుకొనును.

మూడవదినమున జిస్పానుండి తెల్లవాఱుజామున బయలుదేఱి బారాలాచా కనుమ దాటి సార్చు చేరవలెనని యేర్పాటు. అక్కడ ఫోను అందదని యింటికి ముందే చెప్పితిమి. కాని వేకువజామున వెనుకచక్రము గాలిలేక నేలకు కరచుకొనియుండెను. దానిని బాగుచేయువాడు దొరకి, పని ముగియునప్పటికి పదిన్నర యైనది. ఆ దినము జిస్పాలోనే నిలిచిపోయినచో నేమియు నష్టము లేదు. సార్చులో గుడారమునకు ముందుగా సొమ్ము చెల్లించియుంటిమి. ఆ సొమ్ము పోవునని బయలుదేఱితిమి. ఇంట పదిరూపాయలకు కూరగాయలవానితో బేరమాడు బుద్ధి మమ్ము హిమాలయములలోను విడువలేదు.

దార్చా దాటి, దీపక్‌తాల్ సరస్సు దాటునప్పటికి ఎండ మాయమయ్యెను. జింగ్‌జింగ్‌బార్ అనునది 4,200 మీటర్లకు పైనున్న మజిలీ. దానికి కొంచెము ముందు వాగొకటి బాటపైననే అడ్డముగా పాఱుచుండెను. అప్పటికి మధ్యాహ్నము ఒంటిగంట దాటినది. రెండు లారీలు ఈవలిగట్టున నిలిచియుండెను. డ్రైవర్లు టీ కాచుకొనుచుండిరి. ఎందుకు నిలిచిరో మే మడుగలేదు.

ఆ వాగులు మంచు కరగి పాఱునవి. రాత్రి చలికి మంచు గట్టిపడుటచే వేకువజామున వానిలో నీరు మిక్కిలి తక్కువగా నుండును. ఎండ యెక్కినకొలది మంచు కరగి, మధ్యాహ్నమునుండి సాయంకాలము వఱకు ప్రవాహము హెచ్చుచుండును. పైని వాన పడినచో చెప్పనే యక్కఱలేదు. ఇదంతయు మేము చదివియే యుంటిమి. ఐనను మొదటి గేరులో బండిని దింపితిమి.

నడివాగున ముందుచక్రము గుండ్రాతిపై జాఱినది. బండి యెడమప్రక్కకు పడినది. దానిక్రింద మా కాలు. నీరు మోకాలికి పైన. ఆ చలిని చలి యనుటకు వీలులేదు, కాలు నఱికినట్లుండెను. బండి బరువు దాదాపు రెండువందల కిలోలు. మా బలమునకది కదలలేదు. సరిగా అప్పుడే మంచుతో కలిసిన వాన మొదలైనది. సోదరీమణులడుగు భయ మిక్కడ వేసెను. మాకు జ్ఞాపకము వచ్చినది మరణము కాదు. చేటలో బియ్యము చెఱుగుచున్న మా యత్తగారి చేతులు.

లారీవారి కేకలకు పైనున్న గుడారములలోని కూలీలు పరుగెత్తుకొని వచ్చి, నలుగురు బండిని, ఇద్దఱు మమ్ము లాగి గట్టున పడవైచిరి. కాలు విఱుగలేదు, చీలమండ వాచినది. తమ గుడారమునకు గొనిపోయి, తారుడబ్బాతో చేసిన కుంపటిప్రక్క కూర్చుండబెట్టి, వారిలో నొకని దుప్పటి మాకు కప్పి, ఉప్పు వేసిన గంజి యిచ్చిరి. ఆ గంజిరుచి మన యింటి గంజిరుచియే. వేయి మైళ్ళ దూరమున అది త్రాగుచు కంటనీరు పెట్టుకొంటిమని చెప్పుటకు సిగ్గుపడము. తరువాత సొమ్మియ్యబోగా వారు పుచ్చుకొనలేదు. మా వెంటనున్న ఉన్నిమేజోళ్ళు మాత్రము తీసికొనిరి.

ఒంటరి ప్రయాణమను మాటకు అర్థమేమో ఆ రాత్రి చాలసేపు ఆలోచించితిమి. 1916లో అమెరికాదేశమున ఆగస్టా, ఆడిలైన్ వాన్ బ్యూరన్ అను నక్కచెల్లెండ్రు చెఱియొక మోటారుసైకిలుపై న్యూయార్కునుండి కాలిఫోర్నియా వఱకు పోయిరి. దారిలో 4,302 మీటర్ల పైక్స్ శిఖరము నెక్కిరి. పురుషుల దుస్తులు ధరించిరని పోలీసులు వారిని పట్టుకొనిరట! ఆ వీరవనితలును రాకీ పర్వతములలో వానకు బండ్లు బురదలో కూరుకొనిపోగా, వానిని విడిచి కాలినడకను గనిపనివారి పల్లె చేరి సాయ మర్థించిరి.

ఆ సాయంకాలమే లారీ యొకటి క్రిందికి పోవుచుండగా, డ్రైవరునకు ఇంటి ఫోను నంబరు కాగితముపై వ్రాసియిచ్చి, మేము క్షేమముగా నున్నామని కేలాంగునుండి తెలుపుమని కోరితిమి. ఆయన మాట తప్పలేదు. చిక్కు వేఱొక చోట వచ్చినది. మావా రూరిలో లేరు. మామగారికి చెవులు సరిగా వినబడవు. ఫోను తీసిన అత్తగారికి హిందీ రాదు. ఆ మాటలలో ఆమెకు తెలిసినవి రెండే: “గాడీ”, “పానీ”. క్షేమపుమాట చెప్పులోపల లైను తెగినది. ప్రక్కయింటి కుఱ్ఱవానిచేత మరల మరల చేయించిననూ ఆ నంబరు అందలేదు. ఇదంతయు మాకు రెండుదినముల తరువాత గాని తెలియలేదు.

ఆ యెత్తున నిద్రపట్టక, తలనొప్పితో తెల్లవాఱజేసితిమి. లారీడ్రైవరొకడు ప్లగ్గు విప్పి, కిక్కులు కొట్టి, ఇంజనులోని నీరు వెళ్ళగొట్టెను. ఉదయము ఐదుగంటలకు వాగు చెంతకు పోయి చూతుముగదా, చీలమండ లోతు! రెండు నిమిషములలో దాటితిమి.

బారాలాచా కనుమ సుమారు 4,850 మీటర్ల యెత్తున నున్నది. బాటకిరువైపుల మంచుగోడలు, భాగానదికి పుట్టినిల్లైన సూరజ్‌తాల్ సరస్సు సగము గడ్డకట్టి, సగము పచ్చలరంగున. ఆ సొగసును మనసార చూడలేకపోతిమి. ఆ రాత్రి సార్చులో నిలిచి, మఱునాడు చీకటితోనే బయలుదేఱితిమి. గాటా మెలికలలో ఇరువదియొక్క మలుపులు. ఒక మలుపున చిన్న గూడుచుట్టు నీటిసీసాలు గుట్టలుగా పడియున్నవి. అక్కడ దాహముతో చనిపోయిన లారీకుఱ్ఱవానికై బాటసారులు నీరు పెట్టుదురని చెప్పుకొందురు. మేమును నొక సీసా పెట్టితిమి. పాంగు మజిలీలో నీరు సుమారు 85 డిగ్రీలకే మరగిపోవును గనుక అన్నము మామూలు గిన్నెలో పలుకు విడువదు. ప్రెషరుకుక్కరు లేనిదే అక్కడి యమ్మలకు గడవదు. ఆ పిమ్మట నలుబది కిలోమీటర్ల మోరే మైదానము, 5,328 మీటర్ల తగ్‌లంగ్ కనుమ. అక్కడ గాలి మన సముద్రతీరమున నున్నదానిలో సగమే. బండి దగ్గుచు నెక్కినది.

దిగి దిగి సింధునది యొడ్డున ఉప్షి గ్రామము చేరి, మొదటిసారిగా పచ్చనిచెట్టు చూచితిమి. మఱికొంత దూరము పోవునప్పటికి జేబులోని ఫోను కదలి మ్రోగుట మొదలిడెను. ఇంటినుండి వచ్చి అందక పోయిన పిలుపులు నలుబదియొకటి!

బాటప్రక్క బండి నిలిపి ఫోను చేసితిమి. మొదటి మ్రోతకే అత్తగారు తీసిరి. కొంతసేపు ఇరువురమును మాటాడలేదు. తుదకు ఆమె అడిగిరి:

“ఏట్లో దిగేటప్పటికి పొద్దెంత?”

“ఒంటిగంట దాటింది అత్తయ్యగారూ.”

“వాలినట్టే గదా.”

“అవునండి.”

“అన్నం తిన్నావా?” అని, మా జవాబు వినకుండనే ఫోను మామగారి చేతికిచ్చి ఆమె లోనికి పోయిరి.